బాల్‌పార్క్ బాధలు, బదుళ్ళు

అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకి సీజన్‌లో 162 ఆటలు. అందులో 81 సొంత మైదానంలోనే. అంటే మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబరు చివరిదాకా టికెట్ కొన్నవాళ్ళకీ, వాళ్ళని కట్టుకున్నవాళ్ళకీ, స్టేడియం పక్కన ఇల్లున్నవాళ్ళకీ 81 సార్లు పరీక్ష. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆట గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఎండ, వాన, తిండి, పార్కింగ్ గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. మాకదే నచ్చింది.

ప్రశ్న: సాయంత్రం ఆరున్నర ఆటకి ఫస్ట్ బేస్ వైపు (బ్యాటర్‌కి కుడిపక్క) ఖరీదైన సీట్లు కొన్నాం. గంటసేపు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాం. ఎదురుగా థర్డ్ బేస్ వైపు (బ్యాటర్‌కి ఎడమపక్క) జనం మాత్రం హాయిగా నీడలో ఉన్నారు. ఇది మా ఖర్మా, కుట్రా?
— చెయ్యి అడ్డం పెట్టుకున్న జంట, న్యూజెర్సీ

జవాబు: కుట్రే. పైగా రూల్ బుక్‌లో అచ్చయిన కుట్ర. మనం ఇంటికి చూసుకున్నట్టే వాళ్ళు మైదానానికి వాస్తు చూసుకుంటారు. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) నుంచి పిచ్చర్ (బంతి విసిరేవాడు) మీదుగా ఎదురుగా ఉన్న సెకండ్ బేస్‌కి గీసిన గీత తూర్పు–ఈశాన్యం వైపు ఉంటే మంచిదని నియమావళి చెబుతుంది. అప్పుడు పడమటి సూర్యుడు బ్యాటర్ వీపు మీద పడతాడు తప్ప కళ్ళలో పడడు. బ్యాటర్ కళ్ళని అలా కాపాడి, దూరాన కుడివైపు కాపుకాసే రైట్ ఫీల్డర్ కళ్ళనీ మీ కళ్ళనీ దేవుడికి వదిలేశారు.

ఇక లెక్క తేలికే. సాయంత్రం ఆటకి నీడ ముందు హోమ్ ప్లేట్ వెనకకీ, థర్డ్ బేస్ వైపుకీ వస్తుంది. ఫస్ట్ బేస్ వైపుకి ఆలస్యంగా వస్తుంది. రైట్ ఫీల్డ్ గ్యాలరీ అందరికన్నా ఎక్కువ వేగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట ఆటకైతే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కనక ఏ వైపైనా ఒకటే. అప్పుడు చూడాల్సింది వరస నంబరు. కింది అంతస్తులో చివరి వరసలకి పై అంతస్తు చూరు అడ్డొస్తుంది. అక్కడ ఎండ తగలదు గానీ బంతి పైకి లేచిందంటే చూరు వెనక మాయమైపోతుంది, మళ్ళీ కిందికి దిగేదాకా జనం అరుపుల్ని బట్టి ఊహించుకోవాలి. బోస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే పార్క్‌లోనూ, షికాగోలో 1914 నాటి రిగ్లీ ఫీల్డ్‌లోనూ ఇంకో చిక్కుంది: ఇనప స్తంభాలు. టికెట్ మీద ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని కనిపిస్తే, పిచ్చరో బ్యాటరో ఇద్దరిలో ఒకరే కనిపిస్తారని అర్థం.

ఈ దిక్కు తప్పనిసరి కాదు, ‘ఉంటే మంచిది’ అంతే. డెట్రాయిట్ మైదానం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. కాబట్టి కొనేముందు మ్యాప్‌లో హోమ్ ప్లేట్ ఏ మూలనుందో ఒకసారి చూసుకోండి. డెన్వర్‌లో మాత్రం ఎటు కూర్చున్నా టోపీ, సన్‌స్క్రీన్ తప్పవు. ఆ స్టేడియం పై అంతస్తులో 20వ వరస కుర్చీలకి ఊదా రంగు వేసి ఉంటుంది. సముద్రమట్టానికి సరిగ్గా మైలు ఎత్తు, 5,280 అడుగులు, అక్కడికి వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఒక్క ఫౌల్ బాల్ (ఫస్ట్, థర్డ్ బేస్ గీతల బయటికి పోయే బంతి) పట్టిచ్చి తీరాలి. ఎక్కడ కూర్చోవాలి, ఎలా పట్టాలి? నేను పట్టుకున్నాక పక్కవాళ్ళ పిల్ల ఏడిస్తే ఇచ్చెయ్యాలా?
— గ్లవ్ కొన్న నాన్న, ఒహాయో

జవాబు: మొదట ప్రేక్షకులకి బంతి తగలకుండా కట్టే వల సంగతి. 2018 నుంచి మొత్తం 30 మైదానాల్లోనూ కనీసం డగౌట్ల (జట్లు కూర్చునే చోట్ల) చివరిదాకా వల ఉంది. ఆ తర్వాత చాలాచోట్ల ఇంకా పొడిగించారు. వల వెనక మొదటి వరసల్లో కూర్చుంటే ఆట బ్రహ్మాండంగా కనిపిస్తుంది, బంతి మాత్రం రాదు. వల దాటి పైకి లేచి వచ్చేవాటికి కింది అంతస్తు వెనక వరసలు గానీ, రెండో అంతస్తు ముందు వరసలు గానీ మంచివి. నడవ పక్క సీటు దొరికితే ఇంకా మంచిది, నాలుగడుగులు పరిగెత్తడానికి చోటుంటుంది.

ఏ వైపంటారా? వేగమైన బంతికి బ్యాట్ ఆలస్యంగా తగిలితే కుడిచేతి బ్యాటర్ ఫౌల్ ఫస్ట్ బేస్ వైపు పోతుంది, ఎడమచేతివాడిది థర్డ్ బేస్ వైపు. ఆ రోజు అవతలి పిచ్చర్ కుడిచేతివాడైతే మేనేజర్లు ఎడమచేతి బ్యాటర్లని ఎక్కువగా దింపుతారు. అలాంటి రోజున థర్డ్ బేస్ వైపు కాస్త నయం. కాస్తే.

ఇక పట్టడం. బంతి బరువు 5 నుంచి ఐదుంపావు ఔన్సులు, అంటే సుమారు 145 గ్రాములు. చుట్టూ 108 ఎర్ర కుట్లు. నేరుగా దూసుకొచ్చే బంతిని ఉత్తి చేత్తో పడితే బంతితో పాటు చేతికి కట్టు కూడా ఇంటికొస్తుంది. గ్లవ్ లేనివాళ్ళు పైనుంచి నిదానంగా దిగేవాటినే నమ్ముకోవాలి. అదీ రెండు చేతులతో. నిజానికి ఎక్కువమందికి బంతి దొరికేది మొదటిసారి కాదు, అది కాంక్రీటు మీద పడి ఎగిరి రెండు మూడు వరసల వెనక్కి వచ్చినప్పుడు. అందుకని ముందువాళ్ళు చేతులు చాస్తుంటే మీరు వాళ్ళ మీద పడకండి, వెనక్కి తిరిగి నిలబడండి. ఒక చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని రెండో చేత్తో బంతి అందుకునే వీరులు టీవీలో బాగుంటారు. ఇంటికెళ్ళాక వాళ్ళావిడ ఏమందో టీవీలో చూపించరు.

గోడ మీంచి మైదానంలోకి మాత్రం చెయ్యి చాచకండి. ఫీల్డర్ పట్టబోయే బంతికి అలా అడ్డం పడితే అంపైర్ బ్యాటర్ని అవుట్ ఇస్తాడు, సిబ్బంది మిమ్మల్ని బయటికి దారి చూపిస్తారు. ఆ బ్యాటర్ మీ జట్టువాడే అయితే గేటు దాకా నడక చాలా పొడుగ్గా ఉంటుంది. అదే ఫీల్డర్ మీ సీట్లలోకి వంగి వచ్చి పట్టబోతే అది అతని పూచీ. మీరు మీ చోట మీరుండి పట్టుకోవచ్చు, తప్పు కాదు.

అదృష్టం మీద ఆధారపడని మార్గం ఒకటుంది. అర ఇన్నింగ్స్ (మూడు అవుట్లయ్యేదాకా ఒక జట్టు బ్యాటింగ్ వంతు; ఆటకి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్) ముగిశాక మూడో అవుట్ బంతిని ఎవరో ఒక ఫీల్డర్ డగౌట్‌కి వెళ్తూ గ్యాలరీలోకి విసరడం రివాజు. ఆ డగౌట్ పైవైపు సీట్లకి బంతి వచ్చే అవకాశం ప్రతి ఇన్నింగ్స్‌లోనూ ఉంటుంది. ముఖ్యంగా ప్రత్యర్థి జట్టు డగౌట్ పైన, ఆ జట్టు టోపీ పెట్టుకున్న చిన్న పిల్లాడుంటే వాడి మీద వాళ్ళకి జాలి ఎక్కువ. సిద్ధాంతం ముఖ్యమా, బంతి ముఖ్యమా అన్నది మీ ఇంటి వ్యవహారం.

ఏడ్చే పక్క పిల్ల గురించి నియమం ఏదీ లేదు. బంతి మీదే, పరువు మాత్రం కెమెరా చేతిలో ఉంటుంది. ఇంకొకటి, రిగ్లీ ఫీల్డ్ గ్యాలరీలో ప్రత్యర్థి కొట్టిన హోమ్ రన్ (గోడ దాటి గ్యాలరీలో పడిన) బంతి పట్టుకుంటే తిరిగి మైదానంలోకి విసిరెయ్యమని జనం గోల పెడతారు. తెలివైనవాళ్ళు ఇంటి నుంచి పాత బంతొకటి జేబులో వేసుకొస్తారు.

ఏదీ దొరక్క, దుకాణంలో కొని ‘ఫౌల్ బాల్’ అని చెప్పాలనుకుంటున్నారా? ఆటకి వాడే బంతుల జారుడు పోవడానికి ముందుగా న్యూజెర్సీ వైపు డెలావేర్ నది తావు నుంచి తెచ్చిన బురదతో రుద్దుతారు. అందుకని అవి కాస్త మాసినట్టుంటాయి. దుకాణం బంతి పాలలా మెరుస్తుంది. మీవాడికి పదేళ్ళు దాటి ఉంటే కనిపెట్టేస్తాడు.

ప్రశ్న: మావారు ఆటకి పెన్సిల్, అట్ట పట్టుకొస్తారు. మూడు గంటలూ “ఆరు నాలుగు మూడు” అని గొణుక్కుంటూ రాసుకుంటారు. నన్ను పలకరించేది ఐస్‌క్రీమ్ కావాలా అని మాత్రమే. నేనూ నేర్చుకోవచ్చా?
— ఐస్‌క్రీమ్ తిన్న ఇల్లాలు, టెక్సస్

జవాబు: అరగంటలో నేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ ఆయనే తెచ్చుకుంటారు. ఆ అంకెలు జెర్సీ నంబర్లు కావు, స్థానాలు. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9. కొత్తవాళ్ళు తప్పేది షార్ట్‌స్టాప్ దగ్గరే. నిలబడేది సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య కదా, 5 అయ్యుంటాడనుకుంటారు. బేస్‌లకి వరసగా ఇచ్చేశాక అతనికి మిగిలింది 6.

కాగితం మీద ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో అడ్డు వరస, ఒక్కో ఇన్నింగ్స్‌కి ఒక్కో నిలువు వరస. ప్రతి గడిలో చిన్న డైమండ్ ఉంటుంది. కింది మూల హోమ్, కుడి మూల ఫస్ట్, పై మూల సెకండ్, ఎడమ మూల థర్డ్. ఒక ఇన్నింగ్స్ ఇలా నడిచిందనుకోండి. మొదటి బ్యాటర్ మూడో స్ట్రయిక్‌కి (మూడు పడితే అవుట్) బ్యాట్ ఊపి తప్పాడు: గడిలో కె అని రాసి, పక్కన 1 వేసి చుట్టూ సున్నా చుట్టండి, ఒకటో అవుట్. బ్యాట్ ఊపకుండా బంతిని చూస్తూ నిలబడి అవుటయితే అదే అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాస్తారు. ఇందులో అవమానం ఎక్కువ. రెండోవాడు నాలుగు బాల్స్ (కొట్టే పరిధికి బయట వేసిన బంతులు) మీద నడిచి ఫస్ట్‌కి వెళ్ళాడు: బిబి అని రాసి, కింది మూల నుంచి కుడి మూలకి గీత గియ్యండి. మూడోవాడు షార్ట్‌స్టాప్‌కి నేలబారుగా కొట్టాడు. షార్ట్‌స్టాప్ సెకండ్ బేస్‌మన్‌కి ఇచ్చాడు, అతను బేస్ తొక్కి ఫస్ట్‌కి విసిరాడు, ఇద్దరూ అవుట్. మూడోవాడి గడిలో 6–4–3, రెండోవాడి గీత సెకండ్‌కి చేరకముందే అడ్డంగా కొట్టేస్తారు. మీవారు గొణిగేది ఇదే. పరుగు పూర్తయితే డైమండ్ మొత్తం నల్లగా నింపాలి.

పెన్ను వద్దు, పెన్సిలే. ఫీల్డర్ జారవిడిచింది హిట్టా (బ్యాటర్ గొప్ప), ఎర్రరా (ఫీల్డర్ తప్పు) అన్నది అఫీషియల్ స్కోరర్ చెప్పాలి, చెప్పాక మళ్ళీ మార్చనూ వచ్చు. కొత్తలో కొంప ముంచేది మాత్రం ఒకే ఇన్నింగ్స్‌లో తొమ్మిదిమందీ బ్యాటింగ్ చేసి మొదటివాడు మళ్ళీ దిగినప్పుడు. అతని గడి అప్పటికే నిండిపోయి ఉంటుంది. పక్క నిలువు వరసలోకి జరగండి, పైన ఉన్న ఇన్నింగ్స్ నంబరు కొట్టేసి సరిచేసుకోండి. మొదటి రోజే ఒక్కో బంతినీ బాలా, స్ట్రయిక్కా అని చుక్కలు పెట్టబోకండి. రెండో ఇన్నింగ్స్‌కే కాగితం పారేస్తారు.

2023లో పిచ్ క్లాక్ (బంతి విసరడానికి గడువు పెట్టే గడియారం) వచ్చాక తీరిక తగ్గింది. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచ్చర్‌కి 15 సెకన్లే. కాబట్టి రాసుకునేది బ్యాటర్‌కీ బ్యాటర్‌కీ మధ్య, మాట్లాడుకునేది ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య. మీవారికీ ఈ మాట చెప్పండి.

ప్రశ్న: వానలో గంటన్నర తడిశాం. ఆట ఆరో ఇన్నింగ్స్‌లో ఆపి ఇంటికి పొమ్మన్నారు. డబ్బులు వెనక్కి ఇవ్వరట!
— ఆరని చొక్కా, మేరీల్యాండ్

జవాబు: ఇవ్వరు. ఐదు ఇన్నింగ్స్ పూర్తయితే అది ఆట కిందే లెక్క, మీ టికెట్ చెల్లిపోయినట్టే. సొంత జట్టు ఆధిక్యంలో ఉంటే నాలుగున్నర చాలు. ఆట మొదలవ్వకముందు వాన పడితే ఆపాలా వద్దా అన్నది సొంత జట్టు యాజమాన్యం తేలుస్తుంది, మొదలయ్యాక అంపైర్లది అధికారం. ఆపాక కనీసం 30 నిమిషాలు ఆగి చూడందే రద్దు చెయ్యరు.

మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో పెద్ద తెర చెప్పదు, మైదానం సిబ్బంది చేతులు చెబుతాయి. టార్పాలిన్ మీద నీళ్ళు నిలిచి ఉన్నంతసేపూ నిశ్చింతగా వెళ్ళి తినిరండి. వాళ్ళు పట్టా అంచులు పట్టుకుని ఆ నీళ్ళని అవుట్‌ఫీల్డ్ గడ్డిలోకి ఒంపుతున్నారంటే అరగంటకి అటూఇటూగా ఆట ఉంటుంది. ఆ తర్వాత కాల్చిన మట్టి గుళికలు చల్లి తడి పీల్పించాలి, గీతలు మళ్ళీ గియ్యాలి, పిచ్చర్లు చేతులు వేడి చేసుకోవాలి. ఇవేవీ పడనివాళ్ళకి తెరిచి మూసే పైకప్పున్న ఊళ్ళున్నాయి: టొరంటో, మిల్వాకీ, హ్యూస్టన్, ఫీనిక్స్, సియాటిల్, మయామీ, ఆర్లింగ్టన్. సియాటిల్ కప్పుకి మాత్రం పక్క గోడలుండవు. వాన రాదు, చలి వస్తుంది.

ప్రశ్న: మాంసం తినను. లోపల ఏం దొరుకుతుంది, ఇంటి నుంచి తీసుకెళ్ళచ్చా?
— పల్లీల మీద బతికిన వ్యక్తి, వాషింగ్టన్ రాష్ట్రం

జవాబు: ప్రెట్జెల్, తొక్కతో వేయించిన పల్లీలు, పాప్‌కార్న్, కరిగిన చీజు పోసిన నాచోలు. ఈ చివరిది 1976లో ఆర్లింగ్టన్ స్టేడియంలో మొదలై దేశమంతా పాకింది. చిన్న ప్లాస్టిక్ హెల్మెట్‌లో పెట్టిచ్చే ఐస్‌క్రీమ్ తింటే హెల్మెట్ మీకే. వేపుళ్ళ దగ్గర అడగండి, ఒకే నూనెలో చికెన్ కూడా వేస్తుంటారు. మీ సియాటిల్‌లో కారం, నిమ్మరసం పట్టించిన కరకరలాడే పదార్థం ఒకటి చిన్న కప్పులో అమ్ముతారు. కొనేముందు కాళ్ళున్నాయేమో చూసుకోండి, అవి మిడతలు.

బయటి తిండి చాలా జట్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అదీ లోపలేముందో తెలియని సంచిలో కాదు, పారదర్శకమైన సంచిలో, ఒక మనిషికి సరిపడా. మంచినీళ్ళ సీసా సీలు విప్పనిదై ఉండాలి. గాజు సీసాలు, రేకు డబ్బాలు, మద్యం ఎక్కడా రానివ్వరు. సంచి కొలత చాలాచోట్ల 16 అంగుళాలు, 16 అంగుళాలు, 8 అంగుళాలు. కొన్నిచోట్ల అంతకన్నా చిన్నది. బయల్దేరేముందు ఆ జట్టు నిబంధన చదవండి. లేకపోతే గేటు దగ్గర నిలబడి నలుగురి తిండి ఒక్కరే తినాల్సొస్తుంది. పల్లీ తొక్కలు కింద పడెయ్యచ్చా అని చాలామందికి మొహమాటం. పడెయ్యచ్చు, ఆ ఒక్క చోట.

ప్రశ్న: షికాగోలో స్టేడియంకి రెండు వీధుల అవతల అద్దెకి దిగాం. ఆట ఉన్నరోజు కారు తీస్తే మళ్ళీ పెట్టే చోటు దొరకదు. ఎలా బతకాలి?
— నడిచి కూరగాయలు తెచ్చుకుంటున్న కుటుంబం

జవాబు: పంచాంగం పక్కన జట్టు షెడ్యూలు తగిలించండి. శుభకార్యాలు, ఫర్నిచర్ డెలివరీలు, అత్తగారి రాక అన్నీ జట్టు బయటి ఊళ్ళలో ఆడే వారాల్లో పెట్టుకోండి. సొంత మైదానం ఆట ఉంటే రెండు గంటల ముందు నుంచి, ముగిశాక గంటదాకా కారు కదపొద్దు. రిగ్లీ చుట్టుపక్కల రాత్రి ఆటల వేళ వీధుల్లో స్థానికుల పర్మిట్ ఉన్న కార్లే పెట్టాలి. చుట్టాలొస్తే వాళ్ళకి అతిథి పాస్ ముందే తీసుకోండి, లేకపోతే వాళ్ళ కారు వెతుక్కుంటూ జరిమానా కట్టే యార్డుకి వెళ్ళాలి.

మీ ముందుతరం ఇరుగుపొరుగు ఇంతకన్నా గట్టిగా పోరాడారు. 1988 దాకా ఆ మైదానానికి దీపాలే రానివ్వలేదు. చివరికి ఆగస్టు 8న మొదటి రాత్రి ఆట పెడితే నాలుగో ఇన్నింగ్స్‌లో వాన వచ్చి రద్దయింది. లెక్కకెక్కిన మొదటి రాత్రి ఆట మర్నాటిది. ఎదురు మేడల మీద కుర్చీలు వేసి ఆట చూపించి డబ్బు చేసుకున్నవాళ్ళ సంగతీ కోర్టుకెక్కింది. 2004లో రాబడిలో 17 శాతం జట్టుకిచ్చేలా రాజీ కుదిరింది. కాబట్టి మీ డాబా మీంచి మైదానం కనిపిస్తే మరీ గట్టిగా చెప్పుకోకండి.

సాయంత్రం బయటికి వెళ్ళాలా వద్దా అన్నది స్కోరుబోర్డు పైన జెండా చూసి తేల్చుకోండి. తెల్ల జెండా మీద నీలం అక్షరముంటే గెలిచారు, వీధిలో పాటలుంటాయి. నీలం జెండా మీద తెల్ల అక్షరముంటే ఓడారు, పాటలు అప్పుడూ ఉంటాయి, రాగం వేరు.

ప్రశ్న: ఆట మధ్యలో సాసేజిలు పరిగెత్తాయి. మా అల్లుడు నిజంగానే పందెం కాశాడు. ఏమిటిది?
— మిల్వాకీ మావగారు

జవాబు: ఐదు రకాల సాసేజి వేషాలు, ఆరో ఇన్నింగ్స్ మధ్యలో. పందెం పక్క సీటువాళ్ళతో బీరుకే పరిమితం చేసుకోమనండి. రాజధాని వాషింగ్టన్‌లో అధ్యక్షుల వేషాలు పరిగెడతాయి. అక్కడ టెడ్డీ రూజ్‌వెల్ట్ 2006 నుంచి వందల పందేలు వరసగా ఓడి, 2012 అక్టోబరు 3న మొదటిసారి నెగ్గాడు. అల్లుడుగారు ఆరేళ్ళపాటు టెడ్డీ మీదే కాసే రకమైతే కట్నం లెక్కలు అడక్కండి.

ప్రశ్న: బొమ్మ ఉచితంగా ఇస్తామంటే వెళ్ళాం. మా వంతు వచ్చేసరికి అయిపోయాయి.
— ఖాళీ చేతులు

జవాబు: ప్రకటన కింద సన్నక్షరాల్లో ‘మొదటి ఇంతమందికి’ అని ఉంటుంది. బాబుల్‌హెడ్ (తల ఊపే బొమ్మ) పంచే రోజున గేట్లు తెరిచే వేళకి కాదు, దానికి ఓ గంట ముందే వరసలో ఉండాలి. గుంపుగా వెళ్తే ఒక్కొక్కరి టికెట్ ఒక్కో ఫోన్‌లో ఉంచుకోండి. ఒకే ఫోన్‌లో ఆరు టికెట్లుంటే ఆరోవాడు వచ్చేదాకా మిగిలిన ఐదుగురూ బయటే నిలబడతారు.

ఏ బహుమతైనా పంచేముందు జట్లు ఇప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాయి. 1995 ఆగస్టు 10న లాస్ ఏంజెలెస్‌లో ప్రేక్షకులకి బంతులు పంచారు. అంపైర్ నిర్ణయాలు నచ్చక జనం వాటిని మైదానంలోకే విసిరారు. ఆట ఆపేసి సెయింట్ లూయిస్ గెలిచినట్టు ప్రకటించారు. 1974 జూన్ 4న క్లీవ్‌లాండ్‌లో బీరు పది సెంట్లకి అమ్మిన రాత్రీ అలాగే ఆట పోగొట్టుకున్నారు. పది సెంట్ల బీరుకి ఏమవుతుందో ముందే ఊహించాల్సింది.

ప్రశ్న: పార్కింగ్ రద్దీ తప్పించుకోవడానికి ఏడో ఇన్నింగ్స్‌లో లేచి వచ్చేస్తాం. మా తమ్ముడు అది పాపమంటాడు.
— ముందే ఇల్లు చేరినవాళ్ళు, కాలిఫోర్నియా

జవాబు: మీ రాష్ట్రంలో అది పాపం కాదు, ఆచారం. కానీ లెక్క మారింది. 2022లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున మూడు గంటలు దాటేది, పిచ్ క్లాక్ వచ్చిన 2023లో రెండు గంటల 40 నిమిషాలకి దిగింది. పాత అలవాటు కొద్దీ ఏడో ఇన్నింగ్స్‌లో లేస్తే మీకు మిగిలేది మహా అయితే అరగంట. బీరు అమ్మకం కూడా మామూలుగా ఏడో ఇన్నింగ్స్‌తో ఆపేవాళ్ళు, ఆ ఏడాది నుంచి కొన్ని జట్లు ఎనిమిదో దాకా పొడిగించాయి. దాని కోసం ఆగినవాళ్ళతో రోడ్డు పంచుకోకూడదనుకుంటే మాత్రం మీ నిర్ణయం సబబే.

తొమ్మిదో ఇన్నింగ్స్ పైభాగం (ప్రత్యర్థి బ్యాటింగ్) ముగిసేసరికి సొంత జట్టు ఆధిక్యంలో ఉంటే ఆట అక్కడితో ఆఖరు, కింది భాగం ఆడరు. కాబట్టి గెలుస్తున్న రోజున తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో అవుట్‌కి లేచి మెట్ల దగ్గర నిలబడి చూడండి. వెనుకబడి ఉన్న రోజున కూర్చోండి. సమానంగా ఉన్న రోజున కూడా భయం లేదు. పదో ఇన్నింగ్స్ నుంచి సెకండ్ బేస్ మీద ఒక రన్నర్‌ని ఊరికే నిలబెట్టి మొదలుపెడతారు, తెల్లవారేదాకా సాగదు. కారు పెట్టేటప్పుడే ముందు భాగం బయటికి ఉండేలా, నిష్క్రమణ వైపు వరసలో పెట్టుకుంటే మీరు ఏడులో లేచి ఆదా చేసే సమయంలో సగం అక్కడే వస్తుంది.